గక్కడ ఖాళీ లేదు, మావోళ్ళున్నరు: వైకుంఠధామం పద్దులో రాయని చరిత్ర



'ఊరూ వాడా' వరుసలో ఇది తొమ్మిదో భాగం. బావి గురించి, బడి గురించి, రచ్చబండ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి శ్మశానం గురించి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

2020 మొదట్లో మా ఊళ్ళో గ్రామసభ పెట్టారు. వైకుంఠధామానికి స్థలం తీర్మానం చెయ్యాలి. వాగు ఒడ్డున ప్రభుత్వ భూమి ఉంది, పహాణీలో ఎవరి పేరూ లేదు, ఖాళీగానే ఉంది అని కాగితం చదివారు. జనం వెనక నిలబడ్డ మా పెదబాపు చెయ్యి లేపిండు.

"సారూ, గక్కడ ఖాళీ లేదు. మావోళ్ళున్నరు."

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా నాయినమ్మ అక్కడే ఉంది.

ఆ జాగను మేం బొందలగడ్డ అంటాం. రాయి ఉండదు, పేరు ఉండదు. ఎవరి బొంద ఎక్కడో తుమ్మచెట్టు గుర్తు, గట్టు గుర్తు, వాగు మలుపు గుర్తు. మా పెదబాపుకు నాలుగు తరాల లెక్క నోటికొచ్చు. కానీ రెవెన్యూ రికార్డుకు నోటి లెక్కతో పనిలేదు. రికార్డులో రాయలేదు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. బతికి ఉన్నప్పుడు పట్టా లేని మనుషులకు చచ్చాక బొందకు మాత్రం పట్టా ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు పథకం సంగతి. తెలంగాణలో 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో 30 రోజుల కార్యాచరణ మొదలై, తర్వాత పల్లెప్రగతి అయింది. రాష్ట్రంలోని 12,700కు పైగా పంచాయతీల్లో ప్రతి ఊరికీ నర్సరీ, ట్రాక్టర్, డంపింగ్ యార్డు, వైకుంఠధామం ఉండాలన్నారు. ఒక్కో వైకుంఠధామానికి సుమారు 12 లక్షల అంచనా. రెండు దహన వేదికలు, ఒక గది, స్నానాలకు చోటు, మరుగుదొడ్లు, నీళ్ళు. మంచి పనే. వానాకాలం తడి కట్టెలతో సగం కాలిన శవాన్ని చూసినవాళ్ళకెవరికైనా ఆ షెడ్డు విలువ తెలుస్తుంది. శవాన్ని మోసుకుపోయి ఆడవాళ్ళు నీళ్ళకోసం ఎవరి బోరు దగ్గరో బతిమాలుకున్న ఊళ్ళున్నాయి. కాబట్టి కట్టొద్దని నేను అనను. కట్టేటప్పుడు అడగని మూడు ప్రశ్నలున్నాయి. నేల ఎవరిది? పైసలు ఎవరివి? పని ఎవరిది? ఈ మూడింటికీ పాత చరిత్ర ఉంది.

మన సాహిత్యం నుంచే మొదలుపెడదాం. తెలుగువాళ్ళకు శ్మశానం అనగానే హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో ఆ కథ రాశాడు. తర్వాత బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకంగా రాస్తే ఊరూరా ఆడారు. కాటిసీను కోసం జనం తెల్లవార్లూ మేలుకున్నారు. ఆ సీనులో నటులు పాడే శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువావి. అంటరాని కులంలో పుట్టాడని అవమానాలు పడ్డ కవి పద్యాలు లేకుండా మన రంగస్థలం మీద శ్మశానం లేదు. ఇది మర్చిపోకండి.

ఇంకొక్క సంగతి గమనించండి. జనం ఎవరికోసం ఏడ్చారు? రాజు కాటికాపరి అయినందుకు ఏడ్చారు. పుట్టుకతో కాటికాపరి అయినవాడికోసం ఎవరూ ఏడవలేదు. హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు వీరబాహుడు కథలో యజమాని, కానీ కన్నీళ్ళకు పాత్రుడు కాడు. మార్కండేయ పురాణంలోనైతే ఆ చండాలుడు చివరికి చండాలుడే కాదు, మారువేషంలో ఉన్న ధర్ముడు. అంటే కాటిలో నిజంగా పనిచేసే మనిషికి కథలో సొంత ముఖం కూడా మిగల్లేదు. కొడుకు శవంతో వచ్చిన భార్యను హరిశ్చంద్రుడు కాటిసుంకం అడుగుతాడు కదా, అక్కడ అతని సత్యసంధత చూసి చప్పట్లు కొట్టాం. సుంకం ఎవరి కష్టానికి ఇవ్వాల్సిందో ఆలోచించలేదు.

కథ బయట ఆ కష్టం పేరు వెట్టి. నిజాం కాలపు తెలంగాణలో ఊళ్ళో ఎవరన్నా చస్తే చావు కబురు మోసేది, డప్పు కొట్టేది, కట్టెలు కొట్టేది, బొంద తవ్వేది, కాష్టం దగ్గర రాత్రంతా కాపలా ఉండేది మాల మాదిగలు. ఎండలో పది ఊళ్ళు నడిచి కబురు చెప్పొచ్చినవాడికి కూలి లేదు. ఇచ్చిందేదో తీసుకోవాలి. చచ్చినవాళ్ళ చితి పేర్చిన చేతులు అదే మట్టిలో తమవాళ్ళను పూడ్చుకునేందుకు మాత్రం ఊరికి ఇంకో దిక్కు, వాగు ఒడ్డో గుట్ట పక్కో వెతుక్కున్నాయి. మనలో ఎక్కువమంది పూడ్చుకుంటాం. ఆచారం ఒక కారణం, కట్టెల ఖర్చు ఇంకో కారణం. ఎన్నో బీసీ కులాల్లో, లింగాయతుల్లో కూడా పూడ్చడమే ఉంది. క్రైస్తవంలోకి వెళ్ళిన మనవాళ్ళకు సమాధుల తోట ఉంది. మరి ప్రభుత్వం గీసిన నమూనాలో దహన వేదికలు రెండున్నాయి, బొందకు జాగ లేదు. పేరు వైకుంఠం. ఎవరి చావును నమూనాగా పెట్టుకుని ప్లాను గీశారో పేరులోనే ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఏడో షెడ్యూలులో శ్మశానాలను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం, అదే తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టమైంది, బావితో పాటు శ్మశానంలోకి రానివ్వకపోవడాన్నీ నేరమంది. అరవై ఏళ్ళ తర్వాత, 2015లో అత్యాచార నిరోధక చట్టాన్ని సవరించి, ఎస్సీ ఎస్టీలను ఇతరులతో సమానంగా శ్మశానం వాడుకోనివ్వకుండా అడ్డుకోవడాన్ని సెక్షన్ 3(1)లో చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. అరవై ఏళ్ళ తర్వాత అదే మాట మళ్ళీ రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఊళ్ళలో ఏం జరిగిందో అర్థం చేసుకోండి.

2019 ఆగస్టులో తమిళనాడు వాణియంబాడి దగ్గర నారాయణపురంలో ఒక దళితుడి శవాన్ని పాలారు వంతెన మీదనుంచి తాళ్ళతో కిందికి దించారు. శ్మశానానికి పోయే దారి ఆధిపత్య కులాల పొలాల్లోంచి ఉంది, పోనివ్వలేదు. మద్రాసు హైకోర్టు తనంత తానుగా కేసు తీసుకుంది. దళితులకు వేరే శ్మశానం కేటాయిస్తే ప్రభుత్వమే కులాన్ని ప్రోత్సహించినట్టు కాదా అని అడిగింది. మంచి ప్రశ్న. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన దగ్గర చుండూరు. 1991 ఆగస్టు 6. చంపిన శవాలను గోతాల్లో కుక్కి నీళ్ళలో పారేశారు. ఆ అమరులను మనవాళ్ళు ఎక్కడో ఊరవతల శ్మశానంలో దాచలేదు. జనం తిరిగే చోటే పూడ్చి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. శ్మశానం ఎక్కడుండాలో ఊరు నిర్ణయించే పద్ధతిని చచ్చినవాళ్ళ చేత ధిక్కరింపజేశారు.

ఇక పైసలు ఎవరివి? చాలామందికి తెలియని లెక్క ఇది. వైకుంఠధామాలకు ప్రధానంగా ఉపాధి హామీ నిధులు వాడారు. ఆ చట్టం షెడ్యూలులో గ్రామ స్థాయి శ్మశానాల నిర్మాణం అనుమతించిన పనుల్లో ఉండేది. కానీ ఉపాధి హామీలో ఒక నియమం ఉండేది. మొత్తం ఖర్చులో కూలికి కనీసం 60 శాతం, సామగ్రికి 40 శాతం మించకూడదు. అంటే కూలీలకు 60 రూపాయలు పోతేనే సిమెంటుకు, ఇనుముకు 40 రూపాయలు ఖర్చు పెట్టే వీలు వచ్చేది. షెడ్డు కట్టడంలో ఖర్చంతా ఎక్కువగా సామగ్రే. మరి ఆ వీలు ఎక్కడినుంచి వచ్చింది? చెరువు పూడిక తీసినవాళ్ళ, కందకాలు తవ్వినవాళ్ళ పనిదినాల నుంచి. ఒక వైకుంఠధామంలో 8 లక్షల సామగ్రి పడిందనుకోండి. దాని వెనక 12 లక్షల కూలి పని ఎక్కడో జరిగి ఉండాలి. ఎండాకాలం తట్టలు మోసిన మా వాడ ఆడవాళ్ళ చెమట ఆ కాంక్రీటులో ఉంది. ఎవరో దయతో ఇచ్చిన శ్మశానం కాదది. మనం సంపాదించి పెట్టింది.

కట్టడం ఒకసారి, నడపడం రోజూ. గేటు తియ్యాలి, బూడిద ఎత్తాలి, కడగాలి, బోరు చూడాలి. 15వ ఆర్థిక సంఘం నిధులను పంచాయతీలు జీతాలకు వాడకూడదన్నారు. గోడకు పైసలున్నాయి, మనిషికి లేవు. మరి ఎవరు చేస్తున్నారు? మల్టీపర్పస్ వర్కర్. చీపురు పట్టేది, మోరీలు తీసేది, నల్లా తిప్పేది, ట్రాక్టర్ తోలేది, శవం వచ్చినరోజు శ్మశానం చూసేది ఆయనే. ఈ పద్ధతి తెచ్చిన జీవో 51ని రద్దు చెయ్యాలని పంచాయతీ కార్మికులు సమ్మెలు చేసింది ఇందుకే. కరోనా రోజుల్లో కన్నకొడుకులు దగ్గరికి రాని శవాలను ముట్టింది మున్సిపల్, పంచాయతీ కార్మికులే. వెట్టి పోయిందంటారు. పనులన్నీ ఒకే మనిషి మీద పడ్డాయి, ఆ మనిషి ఏ వాడనుంచి వచ్చాడో మీ ఊళ్ళో మీరే చూడండి.

మళ్ళీ మా ఊరికి వస్తాను. పెదబాపు మాటకు సభలో నవ్వినా, పిల్లలం దరఖాస్తు పెట్టాం, తిరిగాం. చివరికి షెడ్డు బొందలగడ్డలో ఒక మూలకు జరిగింది. మిగతా జాగ మాకు ఉంచుతామని నోటిమాట ఇచ్చారు. రెండేళ్ళకు పెదబాపు పోయిండు. ఆయన కొడుకు, మా అన్న, ఈసారి షెడ్డులోనే దహనం చేద్దామన్నాడు. వాన పడుతోంది, బొంద తవ్వితే నీళ్ళూరుతున్నాయి. పాడె ఎత్తుకుని పోయేసరికి గేటుకు తాళం ఉంది. రావొద్దని ఎవరూ అనలేదు. "మీకు పక్కన జాగ ఉంది గదా" అన్నారంతే. తాళంచెవి ఉన్నోడు మా వాడోడే. తియ్యమని చెప్పే నోరు మాత్రం వేరేవాళ్ళది. రెండు గంటలు పాడె దించుకుని నిలబడ్డాం. తర్వాత వాగు పక్కనే, నీళ్ళు తోడిపోసుకుంటూ బొంద తవ్వి పూడ్చాం. ఖాళీ లేదన్న మనిషి అక్కడికే చేరాడు.

ఆ రోజునుంచి హైకోర్టు ప్రశ్న నన్ను వదల్లేదు. వేరే జాగ అడగడం తప్పా? మా పెద్దలకు ఆ జాగ వెలివేత గుర్తు, భద్రత కూడా. అక్కడ ఎవరినీ అడగకుండా ఏడ్వొచ్చు. దాన్ని వదులుకోమని ఏ పుస్తకం చదివి చెప్పను? కానీ వేరే జాగ ఉందన్న మాటే ఉమ్మడి గేటు మూయడానికి సాకైంది. అందుకే నా మాట ఇది. బొందలగడ్డ రికార్డుకెక్కాలి, ఉమ్మడి శ్మశానం గేటూ తెరుచుకోవాలి. రెండూ కావాలి. ఒకటిచ్చి ఇంకోటి అడగొద్దంటే ఒప్పుకోవద్దు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెబుతాను. సెలవులకు ఊరెళ్ళినప్పుడు సమాచార హక్కు కింద నాలుగు కాగితాలు అడగండి: స్థలం తీర్మానం, ఆ సర్వే నంబరు పహాణీ, ఎస్టిమేటు, మస్టరు. మీ వాడ పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని బొందలగడ్డ నక్ష గీయండి. చెట్టు గుర్తు, రాయి గుర్తు, పేరు, అన్నీ రాయండి. గ్రామసభలో ఆ నక్ష పెట్టి, శ్మశానం అన్ని కులాలకూ ఉమ్మడి అని, పూడ్చుకునే జాగ ఇంత అని, తాళంచెవి పంచాయతీ ఆఫీసులో అందరికీ దొరికేలా ఉంటుందని, పనిచేసే మనిషికి జీతం ఇంత అని తీర్మానంలో రాయించండి. నోటిమాట వద్దు. నోటిమాటతో మేం ఏం పొందామో చెప్పాను కదా.

పోయిన సంక్రాంతికి నేనూ మా అన్నా టేపు పట్టుకుని కొలిచాం. పెదబాపు నోటి లెక్కలో మాకు గుర్తున్నంత రాశాం. ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. నాయినమ్మ పేరు తుమ్మచెట్టుకు తూర్పున రాశాను. ఆ కాగితం వచ్చే గ్రామసభకు తీసుకుపోతున్నాం.

జై భీమ్.