ఊడ నేల తాకేదాకా

బీదర్ కోటలో గుంబద్ దర్వాజా దాటి గోడ వెంబడి నడవండి. పొద్దు ఇంకా ఎక్కలేదు. గోడ మీద చెయ్యి పెడితే రాయి గరుకుగా తగులుతుంది, వేళ్లకు ఎర్రటి పొడి అంటుతుంది. ఊరంతా ఈ జంబిట్టరాయి మీదే నిలబడింది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాక, మూడు పాయల కందకాన్ని ఈ రాతిలోనే తొలిపించారు. రాయికి ఒళ్లంతా తూట్లు. వాన వెలిసిన చాలా రోజులకు కూడా లోపల చెమ్మ మిగిలే ఉంటుంది.

ఇప్పుడు తల ఎత్తండి. రెండు నిలువుల ఎత్తున, రాళ్ల సందులోంచి మర్రి మొలక ఒకటి తొంగిచూస్తోంది. నాలుగైదు దళసరి ఆకులు, వాటి కింద గోడను పట్టుకుని దిగుతున్న సన్నటి వేరు. దాన్నక్కడ ఎవరూ నాటలేదు. ఏ గోరింకో మర్రిపండు తిని రెట్ట వేసి ఉంటుంది. నలుసంత గింజకు ఆ చెమ్మ చాలింది.

ఇది వానల అడవిలో బతికే చెట్ల ఉపాయం. దట్టమైన అడవిలో నేల మీద వెలుతురు ఉండదు. కింద మొలిచిన మొక్క ఎండ కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి. మర్రి ఆ వరసలో నిలబడదు. పైన, ఇంకో చెట్టు పంగలో మొలిచి, వేళ్లనే కిందికి పంపుతుంది. అవి నేల తాకేదాకా పెరుగుదల అంతంతమాత్రం. తాకాక ఆపడం ఎవరితరమూ కాదు. మన పొలాల గట్ల మీద తాటిచెట్టును మర్రి చుట్టేసి మింగడం చూసే ఉంటారు. బీదర్ వానల అడవి కాదు, అయినా మర్రికి ఈ గోడ కూడా చెట్టు పంగే. అందుకే కోటలో దాన్ని లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసెయ్యాలి. పైపైన నరికితే మళ్లీ చిగురుస్తుంది, లావెక్కిన వేరు గోడనే చీలుస్తుంది. నాకు మర్రి ఎంత ఇష్టమైనా ఈ మాట చెప్పక తప్పదు.

బీదర్ నుంచి బయల్దేరి జహీరాబాద్, వికారాబాద్, పరిగి మీదుగా పాలమూరు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పిల్లలమర్రి కంచె దగ్గర నిలబడండి. మూడెకరాలకు పైగా ఒకే చెట్టు. వయసు ఏడు వందల ఏళ్లంటారు. అసలు మాను ఏదో వెతకకండి. ఊడలే మానులైపోయాయి. కోల్‌కతా దగ్గరి హౌరా వృక్షోద్యానంలోని మహా మర్రికి శిలీంధ్రం సోకితే 1925లో అసలు మానునే తొలగించారు. చెట్టు మాత్రం ఊడల మీద విస్తరిస్తూనే ఉంది.

కాళ్ల కింద ఎర్రటి పండ్లు నలుగుతున్నాయి. ఒకటి ఏరి విప్పండి. గోడలకు లోపలివైపు కిక్కిరిసినవన్నీ పూలే. దోమకన్నా చిన్న కందిరీగ ఒకటి, శాస్త్రజ్ఞులు యుప్రిస్టినా అనేది, కాయ కొసనున్న ఇరుకు కంతలోంచి రెక్కలు రాల్చుకుని లోపలికి దూరుతుంది. పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి, అందులోనే చనిపోతుంది. అది రాకపోతే మర్రికి మొలిచే గింజ లేదు.

2017 డిసెంబరులో ఇక్కడ పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల తొలిచేశాయి. సందర్శకులను ఆపేశారు. అటవీశాఖవాళ్లు మొదట మానుకు రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ మందు పోశారు. అది లోపల నిలవక బయటికి కారిపోయింది. 2018 ఏప్రిల్ నాటికి, ఆసుపత్రి రోగికి ఎక్కించినట్టే, సెలైన్ సీసాల్లో పలచన చేసిన మందు నింపి చుక్కచుక్కగా ఎక్కించారు. వందల సీసాలు చెట్టంతా వేలాడాయి. ఆ ఫొటోలు దేశదేశాల పత్రికల్లో వచ్చాయి. వేళ్ల మొదట్లోనూ మందునీళ్లు పోశారు, బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మలు కట్టారు. నా మటుకు నాకు వీటన్నిటికన్నా పెద్ద వైద్యం ఆ కంచే. అడుగుల కింద తొక్కుడుపడిన నేలలో గాలి ఆడదు, వేరు ఊపిరి తీసుకోలేదు. ఊడలు పట్టుకుని ఊగితే లేత కొసలు తెగుతాయి. ఊడ దిగని కొమ్మ ఎంత పొడుగు సాగితే అంత బరువు, దాన్ని మోసేవాళ్లు ఉండరు.

కంచె లోపల పనిచేసే ఒకాయన బకెట్టుతో నీళ్లు మోస్తున్నాడు. వేలాడే ఊడ వైపు మీ చెయ్యి సాగగానే గొంతు పెంచాడు.

"దాన్ని పట్టకుండ్రి సారూ. కొస ఇరిగితే మల్లా మొదటికే."

ఆ ఊడ కింద నిలువుగా పైపు ఉంది. ఊడ కొస అందులోకి దిగుతుంది. లోపల మట్టి, ఎరువు. ఆయన నీళ్లు పోస్తే ఆ మట్టి ఎండదు. చెమ్మ తగిలిన కొస దాని వెంటే కిందికి పోతుంది. గాలికి ఎండిపోయే దారి కాబట్టి ఈ తొడుగు. నేలలో పాతుకుని లావెక్కడం మొదలయ్యాక పైపు తీసెయ్యొచ్చు. అప్పటికి అది కొమ్మకు కాలు.

పక్క కొమ్మను చూడండి, దాదాపు అడ్డంగా సాగింది. దానికింకా ఒక్క ఊడా దిగలేదు. అందాకా దాని బరువు ఆ సిమెంటు దిమ్మదే.