బండి ఆపిన చేతికి చట్టం గీసిన గీత

పోలీసు చెయ్యెత్తితే ఆగాలి, అడిగితే లైసెన్సు చూపాలి. ఈ రెండూ డ్రైవరు బాధ్యతలని అందరికీ తెలుసు. ఆపిన పోలీసుకూ అదే చట్టం హద్దులు పెట్టిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ హద్దులకు ఎనిమిది దశాబ్దాలకు మించిన చరిత్ర ఉంది.

బస్సులు, లారీలు రైళ్లతో పోటీపడుతున్న రోజుల్లో, 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. లైసెన్సు అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలని 86వ సెక్షన్ షరతు పెట్టింది. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 నాటి చట్టం, 130వ సెక్షన్‌లో ఆ షరతును అలాగే నిలిపింది. అంటే మఫ్టీలో వచ్చి కాగితాలు తియ్యమనే అధికారాన్ని ఈ సెక్షన్ ఇవ్వలేదు.

డ్రైవరుకు అసలు అండ 206వ సెక్షన్. లైసెన్సు తీసుకున్న అధికారి తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా, లేదా రసీదులో రాసిన గడువుదాకా, ఆ కాగితంతో బండి నడుపుకోవచ్చు. స్టీరింగే బతుకుతెరువైన ఆటో, లారీ డ్రైవర్లకు ఇది పూటకూటికి సంబంధించిన హక్కు. బండిని పట్టుకెళ్లడానికీ 207వ సెక్షన్ కారణాలు లెక్కగట్టి చెప్పింది: లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకపోవడం వంటివి. ఆగీ ఆగకముందే తాళంచెవి లాక్కొమ్మని ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు.

తాగి నడపడం నేరమే, అందులో రెండో మాట లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే శిక్ష తప్పదు. అయినా ఆ నేరం కింద అరెస్టు చేసిన మనిషికి రెండు గంటల్లోగా డాక్టరుతో పరీక్ష చేయించాలి, లేదంటే వదిలెయ్యాలి అంటుంది 202వ సెక్షన్.

మరి ఆ బండి సంగతి? 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు దీన్ని తేల్చింది. తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండిని జప్తు చెయ్యడానికి వీల్లేదంది. పక్కన తాగనివారు, లైసెన్సు ఉన్నవారు ఉంటే వారికివ్వాలి. లేకుంటే బంధువులను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషనుకు తరలించి, తర్వాత ఆర్‌సీ, గుర్తింపు పత్రం చూసి అప్పగించాలి.

కాగితాల తంటా కూడా తగ్గింది. 2018 నవంబరులో నిబంధనలు మార్చి ఫోనులో చూపే పత్రాలకు చెల్లుబాటు కల్పించారు. 2020 అక్టోబరు 1 నుంచి తనిఖీ చేసిన తేదీ, సమయంతో పాటు తనిఖీ చేసిన అధికారి వివరాలూ పోర్టల్‌లో నమోదు కావాలన్నారు. ఒకే బండిని ఊరికే మళ్లీమళ్లీ ఆపకుండా ఈ ఏర్పాటు.

అందుకే ఈసారి బండి ఆపినప్పుడు మర్యాదగా ఆగండి, పత్రాలు చూపండి. లైసెన్సు తీసుకుంటే రసీదు అడగండి. జరిమానా కడితే చలానా అడిగి తీసుకోండి.