గోడ చేయు పని

మన పట్టణములలో ‘హాలు’ అను మాట తెలియని ఇల్లు లేదు. వచ్చినవారిని కూర్చుండబెట్టునది హాలు. పిల్లలు పుస్తకములు ముందువేసికొని చదువునది హాలు. రేడియో పెట్టెకు మొదట బల్ల వేసి గౌరవించినదియు హాలే. ఈ మాట ఆంగ్లమునుండి వచ్చినదని అందరకును తెలియును. కాని ఆంగ్లదేశమున అది మొదట ఇంటిలోని ఒక గది పేరు కాదనియు, దాదాపు ఇల్లంతయు అదేయనియు తలచువారు అరుదు.

నేడు కూర్చుండు చోటు, భోజనపు చోటు, వంట చోటు నడుమ గోడలు లేకుండ కట్టుట పరిపాటి అయినది. దీనిని ‘ఓపెన్ ప్లాన్’ అనుచున్నారు. కొందరు దీనిని మెచ్చుకొనుచున్నారు. కొందరు అందులో కాపురముచేసి విసిగియున్నారు. ఇంటిలోపలి గోడలు ఏల లేచినవో, ఏల పడినవో తెలిసికొన్నచో, అట్టి గదిని ఎట్లు అమర్చుకొనవలెనో కూడ మనకు బోధపడును.

ఇంగ్లండులోని కెంట్ మండలమున పెన్స్‌హర్స్ట్ అను భవనము కలదు. దాని పెద్ద హాలు 1341లో పూర్తి అయినది. నేల నడుమ ఎనిమిది మూలల పొయ్యిగద్దె అందు నేటికిని ఉన్నది. నిప్పు గది మధ్యను మండెడిది. పొగ ఎత్తైన కప్పువరకు లేచి వెలికి పోయెడిది. ఆ కాలపు హాళ్లలో ప్రభువు, పరివారము, అతిథులు అందరును ఒకే కప్పు క్రింద భుజించిరి. సేవకులలో పెక్కురు అక్కడనే నిదురించిరి. ఇంటికంతకు ఒకే నిప్పు ఉన్నప్పుడు నడుమ గోడ కట్టుటయనగా ఆవలివారిని చలికి అప్పగించుటయే.

పొయ్యి గోడ ప్రక్కకు జరిగి, దానికి ఇటుకల పొగగొట్టము అమరిన తరువాత ఇల్లు మారినది. 16వ శతాబ్దమున ఈ మార్పు విరివిగా వ్యాపించినది. పొగ గొట్టములో పోవుటచే హాలుపైన మేడ వేయుటకు వీలైనది. ఏ గదికి ఆ గది పొయ్యి ఏర్పడినది. యజమాని హాలును విడిచి తన గదికి చేరెను. సేవకులు వెనుకటి నడవలకును, వెనుకటి మెట్లకును చేరిరి. ‘హాలు’ అను పేరు తుదకు ఆంగ్లేయుల ఇండ్లలో వాకిటి నడవకు మిగిలినది. మన దేశమునకు వచ్చి అది మరల నలుగురు కూర్చుండు గదియైనది!

ఇట్లు లేచిన గోడ మూడు పనులు చేసెను. వెచ్చదనమును నిలిపెను. వంటపనిని, పనివారిని కంటబడనీయలేదు. ఒంటరిగ నుండగోరినవారికి ఏకాంతమిచ్చెను. ఈ మూడింటిని మనము గుర్తుంచుకొనవలెను.

గోడలకంటె ముందు సామాను కదలినది. పూర్వము కుర్చీలను గోడవెంట వరుసగ నుంచి, అతిథులు వచ్చినప్పుడు వలయముగ అమర్చెడివారు. హంఫ్రీ రెప్టన్ అను ఉద్యానశిల్పి 1816లో రెండు చిత్రములు ప్రకటించెను. ఒకదానిలో పాతకాలపు గది, వలయముగ కూర్చున్న జనము. రెండవదానిలో క్రొత్త తరపు గది. ఒకచోట ఇద్దరు ముగ్గురు మాటలాడుచుందురు, మరియొకచోట ఒకరు చదువుకొనుచుందురు. 1780లనాటి ఆర్గాండ్ నూనెదీపము క్రొవ్వొత్తికంటె ఎంతో ప్రకాశవంతమైనది. దీపమున్న బల్ల చుట్టు కొందరు చేరి ఎవరి పని వారు చేసికొనుటకు వీలైనది. ఒకే గదిలో పలు చోటులు అన్న ఆలోచన అప్పటికే పుట్టినది.

తరువాత వేడినీరు గొట్టములలో ఇల్లంతయు తిరుగ నారంభించుటచే వెచ్చదనము నిలుపు పని గోడకు తగ్గినది. ఉక్కు దూలములు వచ్చుటచే కప్పు మోయు పనియు తగ్గినది. షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1909-10లో కట్టించిన రాబీ గృహమున కూర్చుండు చోటును, భోజనపు చోటును ఒకే పొడవైన గదిగ సాగినవి. వాటి నడుమ పొయ్యియు, పొగగొట్టమును మాత్రము నిలిచినవి. ఆనాడు గోడలను లేపిన పొగగొట్టమే ఈనాడు గోడ తొలగిన గదికి నడిబొడ్డున నిలిచినది.

1924లో హాలండులోని ఉట్రెక్ట్ నగరమున జరిగిన ముచ్చట మాకు మిక్కిలి ప్రీతికరమైనది. త్రూస్ ష్రోడర్ అను వితంతువు తన ముగ్గురు పిల్లలతో నుండుటకు రీట్‌వెల్డ్ అను శిల్పిచే ఇల్లు కట్టించుకొనెను. పెద్దలు మాటలాడుకొనుచోట పిల్లలును ఉండి వినవలెనని ఆమె కోరిక. అందుచే మేడమీద చోటంతయు ఒకటిగ ఉంచిరి. కట్టడపు నిబంధనలకు చిక్కకుండుటకు అనుమతి పత్రములో దానిని అటకయని చూపిరి! కాని పగలు ఒకటిగనున్న చోటు రాత్రికి జరుగు పలకలతో గదులుగ విడిపోవును. గోడను తీసివేసినను, గోడ చేయు పనిని ఆమె మరువలేదు.

మరువవచ్చునా అను చర్చ కూడ జరిగినది. చెక్ దేశములోని బ్ర్నో నగరమున మీస్ వాన్ డెర్ రోహె 1930లో టూగెన్‌హాట్ దంపతులకు ఇల్లు పూర్తిచేసెను. అందు చదువు చోటు, కూర్చుండు చోటు, భోజనపు చోటు ఒకే విశాలమైన గదిలోనివి. నడుమ ఓనిక్స్ రాతి పలక ఒకటి, భోజనపు బల్ల చుట్టు వంపుతిరిగిన కొయ్య తెర ఒకటి. ఈ ఇంటిలో మనుష్యులు నివసింపగలరా యని 1931లో ఒక జర్మన్ పత్రిక ప్రశ్నించినది. దంపతులు తామే సమాధానమిచ్చిరి. అందు తమకు బంధనము కాక స్వేచ్ఛయే కలిగినదనిరి. ఐనను ఆ ఇంటిలో వంటయిల్లు వేరుగనే ఉన్నదనియు, పడకగదులకు తలుపులు కలవనియు మనము గమనింపవలెను.

వంటయిల్లే కష్టమైన చిక్కు. 1926లో మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్టు నగరపు ఇండ్లకొరకు ఒక వంటగదిని కల్పించెను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అడుగులు లెక్కించి, చేతికి అందునట్లు సమస్తమును అమర్చిన గది అది; సుమారు 10,000 ఇండ్లలో వెలసినది. శ్రమ తగ్గినది. కాని ఆ చిన్న గదిలో వండు స్త్రీ ఒంటరిదైనదని తరువాతివారు ఆక్షేపించిరి. రైట్ 1937లో అమెరికాలోని మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతులకు పూర్తిచేసిన చిన్న ఇంటిలో వంట చోటు భోజనపు బల్ల ప్రక్కనే, కూర్చుండు చోటునకు తెరచియున్నది. ఇంటికైన వ్యయము 5,500 డాలర్లు. వేడిగొట్టములు నేల క్రింద నడచినవి. పనివారు లేని ఇంటిలో వండువారు మాటకు దూరము కాకూడదని అందలి తాత్పర్యము.

మన కోస్తా జిల్లాల మండువా లోగిలి ఇంకొక దారి పట్టినది. అచ్చట ఇల్లు తెరచినది నిప్పుకొరకు కాదు, గాలివెలుతురులకొరకు. నాలుగువైపుల కప్పు లోనికి వాలును. వాన ఇంటి నడుమనే కురియును. చుట్టునున్న వసారాలలో ధాన్యము చెరుగుట, పిల్లల ఆట, పెద్దల మాట అన్నియు సాగెడివి. కాని పొగ వలనను, మడి వలనను వంటయిల్లు వేరుగ నుండెను.

గ్యాసుపొయ్యి వచ్చి కట్టెల పొగ పోయినది. కాని ఎండుమిరపకాయల పోపు ఘాటు పోలేదు. అమెరికా పుస్తకములోని చిత్రమును చూచి గోడ తీసివేసిన ఇంటిలో ఆ ఘాటు సోఫా దాక నడచును. కుక్కరు ఈల, టెలివిజను వార్త, పరీక్షకు చదువు పిల్లవాని పాఠము మూడును ఒకదానితో నొకటి పోరాడును. గోడను తీయుటకు ఒక దినము చాలును. గోడ చేయు పనిని ఎవరు చేయుదురు?

ఆ పనిని పంచిపెట్టుటయే అట్టి గదిని అమర్చుట. మొదట నడకదారులను నిర్ణయింపవలెను. వాకిటినుండి వంటచోటునకు, పడకగదులకు పోవు దారి కూర్చున్నవారి నడుమనుండి పోరాదు. ఆసనములన్నిటిని గోడలకు తరిమివేయక, గొంతెత్తకుండ మాటలాడునంత దగ్గరగ ఎదురెదురుగ నుంచవలెను. వాటి క్రింద తివాచీ పరచినచో అదియే ఒక గది యగును. సోఫా వీపు భోజనపు చోటువైపు తిరిగినచో సగము గోడ లేచినట్లే. రొమ్ము ఎత్తు పుస్తకాల బీరువా మిగిలిన సగమును తీర్చును. గచ్చు నేల, బోడి గోడలు ధ్వనిని తిప్పికొట్టును. తెరలు, తివాచీలు, పుస్తకములు దానిని మ్రింగును. కప్పు నడుమ ఒకే దీపము వ్రేలాడదీయక, ప్రతి చోటునకు దాని దీపమును ఇయ్యవలెను. పొయ్యి వెలిగోడ ప్రక్కనుండి, పొగను లాగు ఫ్యాను ఇంటి వెలుపలికే దానిని పంపవలెను. వీలైనచో వంటచోటునకు జరుగు తలుపు ఒకటి ఉండుట మేలు. అన్నిటికంటె ముఖ్యముగ, ఎవరైనను పోయి తలుపు మూసికొనదగిన గది ఒక్కటైనను ఇంటిలో మిగులవలెను. చదువు పిల్లలకు, నలతపడిన పెద్దలకు, కాసేపు ఎవరితోను మాటలాడనొల్లని ఇల్లాలికి అది అవసరము.

త్రూస్ ష్రోడర్ తన ఇంటిలో 1985లో మరణించువరకు, సుమారు 60 సంవత్సరములు, నివసించెను. పిల్లలు పెరిగి వెడలిపోయిన తరువాతను ఆమె ఆ ఇంటిని విడువలేదు. ఇల్లు ఎంత తెరచియున్నదనుట గొప్పకాదు; వలసినప్పుడు మూసికొనగలిగి, వలసినప్పుడు తెరచుకొనగలిగిన ఇంటిలోనే నలుగురు చిరకాలము కలిసియుందురని మాకు తోచుచున్నది.