ప్రజలను అడిగిన నగరము

ఉగాదినాడు పంచాంగ శ్రవణము మన ఆచారము. ఈ యేట రాజెవరు, మంత్రి యెవరు, వానలెట్లుండును, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నియు సిద్ధాంతిగారు చదువగా విని, పచ్చడి పుచ్చుకొని ఇండ్లకు పోవుచున్నాము. రాజుగారి ఫలము ప్రజలకు వినిపించు పద్ధతి యిది. ప్రజల మాట రాజుగారికి వినిపించు పద్ధతి యేది? మారువేషము వేసుకొని రాత్రివేళ వీధులు తిరిగి, అరుగులమీది మాటలు చెవియొగ్గి విన్న రాజుల కథలను మన అవ్వలు చెప్పినారు. లక్షలమంది నివసించు నగరమున ఏ ప్రభువు ఎన్ని వీధులు తిరుగగలడు? కనుకనే నేటి కాలమున ఆ మారువేషమునకు బదులు సర్వే వచ్చినది.

మనము పొట్ట చేతబట్టుకొని వచ్చి స్థిరపడిన ఈ బెంగుళూరు ఆ విద్యలో పేరు పొందినది. దాని చరిత్రలో రెండు ఘట్టములను మాత్రము పాఠకుల ముందుంచుచున్నాము. మొదటిదానితో మన తెలుగుసీమకు దగ్గరి చుట్టరికమున్నది.

మొదటిది క్షయవ్యాధికి సంబంధించినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915 లో క్షయ చికిత్సాలయము వెలసినది. ఆ చుట్టుపట్ల పల్లెలలోనే 1950 నుండి 1955 వరకు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారి బృందము ఇంటింటికి తిరిగి వ్యాధిని పరిశీలించినది. 1955–58 లో దేశవ్యాప్తముగా జరిగిన నమూనా సర్వేకు ఎన్నుకొనిన ఆరు కేంద్రములలో మదనపల్లె, హైదరాబాదు రెండును కలవు. క్షయ పట్టణాల జబ్బు అని అంతవరకు అందరును అనుకొనుచుండగా, పల్లెలలోను అది దాదాపు అంతే యున్నదని ఆ సర్వే తేల్చినది. ఆ దినములలోనే మద్రాసులో జరిగిన పరిశోధన ఒకటి మరియొక మంచిమాట చెప్పినది. ఆసుపత్రిలో పడకపై నుంచినను, ఇంటివద్దనే మందులిచ్చినను గుణము ఇంచుమించు సమానమే యని 1959 లో ప్రకటించినది.

మందు దొరికినది. రోగి యేడీ? పల్లెటూరివాడు అజ్ఞాని, దగ్గును లెక్కచేయడు, దేవరకు మ్రొక్కుకొని ఊరకుండును, కనుక ఎక్స్‌రే బండి వేసుకొని ఊరూర వెదకవలసినదే యని పెద్దల నమ్మకము. 1959 లో బెంగుళూరున నెలకొల్పిన జాతీయ క్షయ సంస్థలో వైద్యులతోపాటు సాంఘిక పరిశోధకులకు కూడ చోటిచ్చినారు. వైద్యమును మానవశాస్త్రమును చదివిన డి. బెనర్జీగారు, స్టిగ్ ఆండర్సన్‌గారు కలిసి తుమకూరు జిల్లా పల్లెలలో ఒక సర్వే సాగించినారు. పరీక్షలో వ్యాధి కలదని తేలినవారి వద్దకు, అదే వయసుగల ఇతరుల వద్దకు పోయి, నీకు ఏమి బాధగానున్నది, దానికి నీవేమి చేసితివి అని అడిగించినారు.

వచ్చిన జవాబు పెద్దల నమ్మకమును తలక్రిందులు చేసినది. వ్యాధిగ్రస్తులలో చాలమందికి తమ బాధ తెలియును. సగానికి పైగా అప్పటికే ప్రభుత్వ ఆసుపత్రి గడప త్రొక్కినవారే. అక్కడ వారికి దొరికినది దగ్గుమందు సీసా! రోగి వైద్యుని వద్దకు రాకపోవుట కాదు, వచ్చినవానిని వైద్యుడు గుర్తింపక పంపివేయుటయే అసలు జబ్బని తేలినది. ఈ వ్యాసము 1963 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది.

అందువలన కార్యక్రమము మారినది. బండ్లతో ఊళ్లు గాలించుట మాని, దగ్గుతో వచ్చినవారి కళ్లెను సామాన్య ఆరోగ్య కేంద్రములోనే సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఇంటివద్దనే మందిచ్చు పద్ధతిని నిర్ణయించినారు. ఈ జిల్లా పద్ధతిని మొట్టమొదట పరీక్షించి చూచినది మన అనంతపురము జిల్లాలోనే. 1962 నుండి అది జాతీయ కార్యక్రమమైనది. తరువాతి కథ అంత మధురముగా లేదు. మందుల కొరత, పర్యవేక్షణలో లోపము మొదలగునవి 1992 నాటి సమీక్షలో బయటపడినవి. 1997 నుండి కార్యక్రమమును సవరించి నడపవలసివచ్చినది. అడిగి తెలుసుకొనుట వేరు, తెలిసినదానిని విడువక నడపుట వేరు.

రెండవ ఘట్టము నగరములోనిది. అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన ఆర్థికవేత్త శామ్యూల్ పాల్ గారు, ఆయన మిత్రులు బెంగుళూరు పౌరుల అభిప్రాయమును సేకరింప బూనినారు. నీరు, విద్యుత్తు, టెలిఫోను, బస్సు, నగరపాలన, ఇండ్లస్థలములు మొదలగు వాటిని చూచు సంస్థలకు, బడిపిల్లలకిచ్చునట్లు ఒక ప్రోగ్రెసు కార్డు వ్రాయవలెనని వారి యూహ. 1994 లో మార్కులు బయటకు వచ్చినవి. తృప్తి చెందితిమన్నవారు నూటికి పదిమంది కూడ లేరు. మధ్యతరగతి కుటుంబములలో నూటికి 14 మంది లంచమిచ్చితిమని చెప్పగా, మురికివాడలలో దాదాపు మూడవవంతుమంది ఇచ్చితిమన్నారు. లేనివానికే ఎక్కువ ఖర్చు!

పత్రికలు దానిని ప్రచురించినవి. పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అను సంస్థ ఆ యేడే వెలసినది. మార్కులు తక్కువ వచ్చిన సంస్థలలో కొన్ని మొగము చాటువేసినవి; కొన్ని వచ్చి, మేమేమి దిద్దుకొనవలెనని యడిగినవి. 1999 లో మరల అడిగినప్పుడు తృప్తి మూడవవంతుకు చేరినది గాని లంచము తగ్గకపోగా పెరిగినది. ఆ యేడే ముఖ్యమంత్రి ఎస్. ఎం. కృష్ణగారు నగరాభివృద్ధికి ప్రముఖులతో ఒక కార్యవర్గము నేర్పరచినారు. 2003 లో మూడవసారి అడుగగా తృప్తి సగమునకు దగ్గరైనది, లంచమును తగ్గినది. ఈ మార్పంతయు సర్వే చలువయే యనుట అతిశయోక్తి యగును. కాని మార్కుల పట్టిక గోడకు తగిలించిన పిదప నిద్రపోవుట కష్టము. ఈ పద్ధతిని పిమ్మట ఫిలిప్పీన్స్ వంటి దేశములును అనుసరించినవి.

ఈ రెండింటి బలము ఎక్కడున్నది? దారిన దొరికినవారిని గాక నియమము ప్రకారము ఇండ్లను ఎన్నుకొనిరి. ప్రభుత్వము మంచిదా చెడ్డదా యని గాలిమాట అడుగక, నీవు పోయినప్పుడు ఏమి జరిగినది, ఎన్నిసార్లు తిరిగితివి, ఎంత యిచ్చితివి అని జరిగినదానినే అడిగిరి. వచ్చిన జవాబు తమకు నచ్చనిదైనను దాచక ప్రకటించిరి.

ఇందొక చిక్కు కలదు. ఇంటి జాబితాలో ఇల్లున్నవానినే సర్వే ఎన్నుకొనును. ఇల్లు లేనివాని మాట? అనంతపురము, కర్నూలు, పాలమూరు ప్రాంతముల నుండి వచ్చి, ఈ నగరమున మేడలు కట్టుచు ఆ మేడల ప్రక్కనే రేకుల గుడిసెలలో తలదాచుకొను మనవారు ఏ జాబితాలో నున్నారు? మేడ పూర్తికాగానే వారి చిరునామాయు మారును. అడుగవచ్చినవానికి తెలుగు రాదు, వీరికి కన్నడము చాలదు. ఆఫీసుల గడపల వద్ద అందరికంటె ఎక్కువ నష్టపడువారి మాటయే లెక్కలోనికి రాకున్నది. 2021 లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1 నాటి లెక్కగా జరుగునని 2025 లో ప్రకటించినారు. అట్టి లెక్కల వేళ మన సంఘములు చేయదగిన పని యున్నది. మన యువకులు కొందరు ఆ గుడిసెల వద్దకు పోయి, లెక్కలవారికి దారి చూపి, మాటకు మాట చెప్పి పెట్టిన చాలును. నాటకములు, సన్మానములు మనకు ఎట్లును ఉండనే యున్నవి.

మన తలుపు తట్టి ప్రశ్నలడుగువానిని, తీరిక లేదని త్రిప్పి పంపుట కూడ మన యలవాటే. కుర్చీ వేసి, ఉన్నది ఉన్నట్లు చెప్పుదము. అడుగుట ప్రభుత్వ ధర్మమైనచో, నిజము చెప్పుట పౌరధర్మము. ఈ నూతన సంవత్సరమున ఉభయులును తమ ధర్మమును నెరవేర్చుదురు గాక యని కోరుచు, పాఠకులందరికి ఉగాది శుభాకాంక్షలు తెలుపుచున్నాము.