చలనచిత్ర విమర్శ - ప్రతినిర్ణయము

పత్రములు లోపించిన తాళపత్రప్రతిని చూచి కావ్యమున సందర్భశుద్ధి లేదనుట యెంతటి సాహసమో పరిష్కర్తలెఱుగుదురు. చలనచిత్రవిమర్శకును ఈ న్యాయమే వర్తించునని మా యభిప్రాయము.

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున జర్మనీలో రూపొందిన 'మెట్రోపోలిస్' మూకీచిత్రము 1927 జనవరి 10న బెర్లినులో ప్రథమముగా ప్రదర్శింపబడెను. నిడివి సుమారు 153 నిమిషములు. పిమ్మట దానిని విశేషముగా కత్తిరించిరి. 'హెల్' అను గతించిన స్త్రీ వృత్తాంతము, ఆ పేరు ఆంగ్లమున నరకమును స్ఫురింపజేయునని, అమెరికా ప్రతిలో తొలగింపబడెను. అందుచే శాస్త్రజ్ఞుడు రోట్వాంగ్ యంత్రస్త్రీని నిర్మించుటకు గల హేతువే మఱుగుపడెను. ఆ ప్రతిని చూచినవారికి కథ పొందిక లేనిదిగా తోచుటలో వింత లేదు.

అర్జెంటీనాకు పూర్వమే చేరిన సమగ్రప్రతికి నకలైన 16 మిల్లీమీటర్ల నెగెటివు 2008లో బ్యూనస్ ఎయిరిస్ చలనచిత్ర ప్రదర్శనశాలలో బయల్పడెను. దానినుండి సుమారు 25 నిమిషముల లుప్తభాగమును చేర్చి 2010 ఫిబ్రవరిలో బెర్లినులో మరల ప్రదర్శించిరి. కొన్ని దృశ్యములు నేటికిని లభింపలేదు.

ఈ చిత్రము నిర్దోషమని మేము వాదించుట లేదు. యజమానికిని శ్రామికులకును తుదిని కుదిరిన రాజీ తేలికయైనదని యిప్పుడును అనవచ్చును. కాని దర్శకుని దోషమేదో, కత్తెర దోషమేదో వేఱుపఱుచుటకు ఆ ప్రతియే ఆధారమైనది. కావున సమీక్షకుడు తాను చూచినది ఏ ప్రతియో, దాని నిడివి యెంతయో ముందుగా తెలిపి, పిదప తీర్పు చెప్పవలెను.