జంతు ప్రతీకలు, రాజకీయ వ్యంగ్యం (గోదావరి సాహిత్యం)

జంతు పాత్రలను ముందు నిలిపి పాలకులను విమర్శించే రచనా పద్ధతి ఇది. కథలో జంతువు తన సహజ గుణంతోనే మెలుగుతుంది. పాఠకుడికి మాత్రం తానెరిగిన మనిషో, వర్గమో కళ్ల ముందు కదులుతుంది. గోదావరి తీరాన ఈ పద్ధతి రాజుకు నీతి చెప్పే కథగా మొదలై, రాజ్యాన్ని నిలదీసే పద్యంగా ఎదిగింది.

మహాభారతం ఆదిపర్వంలోని కణికనీతిలో ఒక నక్క కథ ఉంది. ఎలుక చేత లేడి కాళ్లు కొరికించి, పులి చేత చంపించి, ఆపైన తోడు వచ్చినవారినందరినీ తలా ఒక ఉపాయంతో సాగనంపి, మాంసమంతా తానే తింటుందా నక్క. ఆదిపర్వాన్ని తెనిగించిన నన్నయ రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని (1022-1061) ఆస్థాన కవి. తర్వాతి శతాబ్దాల్లో దూబగుంట నారాయణ కవి వంటివారు పంచతంత్రాన్ని పద్యాల్లోకి తెచ్చారు.

ఆ కథలతోనే చిన్నయ సూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది. అందులో ఉన్నవి మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే. మిగిలిన భాగాలైన సంధి, విగ్రహాలను రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం (1848-1919) తెలుగు చేశారు. విగ్రహ కథలో హంసరాజు హిరణ్యగర్భుడికీ, నెమలిరాజు చిత్రవర్ణుడికీ యుద్ధం. శత్రువు పంపిన కాకి శరణార్థిలా కోటలో చేరి లోపలి గుట్టు తెలుసుకుంటుంది.

ఈ సంప్రదాయం నేరుగా రాజకీయంలోకి దిగింది 1907లో. వందేమాతరం ఉద్యమ ప్రచారానికి ఆ ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. పాల్ ఉపన్యాసాన్ని తెలుగులో వినిపించిన కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం, ఆ సందర్భంలోనే నాలుగు పాదాల తేటగీతి ఒకటి చెప్పారు. దేశం పాడియావు, ప్రజలు ఏడ్చే లేగదూడలు, తెల్లవారు గడుసు గొల్లలు. దూడల మూతులు కట్టి పాలు పిండుకుంటున్నారన్నదే భావం. దూడ మూతికి చిక్కం కట్టడం ఎరిగిన పల్లె జనానికి దీన్ని విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. పన్నులు, దోపిడీ, నోరెత్తనివ్వని పాలన అన్నీ పశువులపాకలోని ఒక్క దృశ్యంలో ఇమిడిపోయాయి. తెలుగు రాజకీయ కవిత్వంలో ఇంత క్లుప్తమైన, ఇంత పదునైన ప్రతీక అరుదు.

ఆ ఏడాదే వందేమాతరం బ్యాడ్జి ధరించినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో పరాయి పాలనను క్రూరమైన పులితో పోల్చిన వ్యాసానికి ఆయన జైలు పాలయ్యారు.

ఇదే పద్ధతిలో సాగిన జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ 1945 ఆగస్టు 17న వెలువడింది. అందులో నెపోలియన్ అనే పంది స్టాలిన్‌కు, స్నోబాల్ అనే మరో పంది ట్రాట్‌స్కీకి, బాక్సర్ అనే గుర్రం చాకిరీకి తప్ప దేనికీ నోచని శ్రామికుడికి ప్రతీకలు. తెలుగులో ఈ నవల ‘పశువుల దివాణం’ అయింది. పిఠాపురం వంటి సంస్థానాల నీడన బతికిన జిల్లాల్లో దివాణం అంటే శిస్తు, అధికారం, భయం. అనువాదానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ ‘రాజకీయ బేతాళ పంచవింశతి’లో ఇదే రాజకీయ వ్యంగ్యానికి జంతువుకు బదులు బేతాళుణ్ణి ఎంచుకున్నారు.

పాడియావు పద్యం చెప్పిన చిలకమర్తి 1946 జూన్ 17న కన్నుమూశారు. స్వాతంత్ర్యం మరుసటి ఏడాది వచ్చింది.