పసిపిల్లల్లో పిల్లికూతలు.. తల్లిపాలతో తగ్గుతాయా? గుడ్డు, వేరుశెనగ ఆలస్యంగా పెడితే అలర్జీ రాదా?

జలుబు చేసిన ప్రతిసారీ పాపాయి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా? తల్లి పెరుగు, అరటిపండు తినడం వల్లే ఇలా అవుతోందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారా? అసలు విషయం ఏంటో చూద్దాం.

పసివాళ్లలో పిల్లికూతలకు ఎక్కువగా వైరస్‌లే కారణం. వాళ్ల శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి. కాస్త వాచినా, కఫం చేరినా కూతలు మొదలవుతాయి. తల్లిపాలలోని యాంటీబాడీలు ఉపయోగపడేది ఇక్కడే. అమెరికాలోని టక్సన్‌లో 1980లో మొదలైన అధ్యయనంలో 1,200 మందికి పైగా శిశువులను గమనించారు. తల్లిపాలు తాగినవాళ్లలో మొదటి 4 నెలల్లో ఈ సమస్య తక్కువగా కనిపించింది.

మరి ఆస్తమా, అలర్జీల మాటేంటి? బెలారస్‌లో 17 వేల మంది తల్లీబిడ్డలపై పెద్ద పరిశోధన జరిగింది. కొన్ని ఆసుపత్రుల్లో తల్లిపాలపై ప్రత్యేక ప్రోత్సాహం ఇచ్చారు. కానీ ఆరున్నరేళ్ల వయసుకి చూస్తే అక్కడి పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు తగ్గలేదు. అంటే తల్లిపాలు తాగినా ఆస్తమా రావచ్చు. అది అమ్మ తప్పు కాదు. బిడ్డకు అలర్జీ రాకూడదని తల్లి పథ్యం చేయాల్సిన పని కూడా లేదు.

గుడ్డు, వేరుశెనగ ఆలస్యంగా పెడితే మంచిదన్నది పాత మాట. లండన్‌లో 640 మంది శిశువులపై చేసిన పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. వీళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లే. 11 నెలలలోపే వేరుశెనగ తినడం మొదలుపెట్టిన పిల్లల్లో, ఐదేళ్లకి ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా ఉంది.

ఏం చేయాలంటే..

* 6 నెలలు నిండేవరకు తల్లిపాలే ఇవ్వాలి. ఆ తర్వాత మెత్తటి ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా పాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
* బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా నూరిన వేరుశెనగ కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పలుకులు మాత్రం వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.
* తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.
* ఇంట్లో సిగరెట్, బీడీ పొగ అస్సలు వద్దు.
* తల్లికి జలుబు చేసినా పాలు ఆపక్కర్లేదు.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంటి వైద్యం వద్దు.. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.